ముందు ఐసు ముక్క, తర్వాతే పువ్వు

పిల్లలూ,

మొగ్గ విచ్చుకుని పువ్వయ్యేదంతా టైమ్‌ల్యాప్స్ తీయాలని మీరిద్దరూ ఉబలాటపడుతున్నారని మీ అమ్మ చెప్పింది. తీయండి, కానీ మొట్టమొదటే పువ్వు జోలికి వెళ్ళొద్దు. అది ఎప్పుడు విచ్చుకుంటుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. మీరు రోజంతా కాపలా కాసి నిద్రపోయాక తాపీగా విచ్చుకుంటుంది, అప్పటికి ఫోను ఛార్జింగ్ కూడా అయిపోయి ఉంటుంది. మొదటిసారికి గంటా గంటన్నరలో అయిపోయేదేదైనా పట్టుకోండి. నన్నడిగితే ఐసు ముక్క.

అసలు ఇందులో జరిగేది చాలా చిన్న విషయం. మామూలు వీడియోలో ఫోను సాధారణంగా సెకనుకి 30 బొమ్మలు తీస్తుంది, చూపించేటప్పుడూ సెకనుకి 30 చూపిస్తుంది, అందుకే మనకి అంతా మామూలు వేగంతోనే కనిపిస్తుంది. టైమ్‌ల్యాప్స్‌లో చూపించడం అదే 30, తీయడం మాత్రం ఏ పది సెకన్లకో ఒకటి. అంటే 5 నిమిషాల్లో జరిగింది ఒక్క సెకనులో మీ కళ్ళముందు అయిపోతుంది. ఇంకే మాయా లేదు.

కాబట్టి ముందు లెక్క, తర్వాతే ఫోను. ఒక ఐసు ముక్కని ఊరికే ప్లేట్లో పెట్టి, ఎంతసేపట్లో కరిగిందో గడియారం చూసి రాసుకోండి. ముక్క సైజుని బట్టి, గదిలో వేడిని బట్టి అది మారుతుంది, అందుకే మీ ఇంట్లో మీరే చూసుకోవాలి. గంట పట్టిందనుకుందాం. గంటంటే 3600 సెకన్లు. మీకు 10 సెకన్ల వీడియో కావాలంటే 300 ఫొటోలు కావాలి, 3600ని 300తో భాగిస్తే 12, అంటే 12 సెకన్లకొక ఫొటో. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు ఇలా అడగకుండా 10 రెట్లు, 30 రెట్లు, 120 రెట్లు అని వేగం ఎంచుకోమంటాయి. అప్పుడూ ఇదే లెక్క, 120 పెడితే గంట కాస్తా 30 సెకన్లవుతుంది. ఐఫోన్‌ది ఇంకో తమాషా. రికార్డింగ్ సాగేకొద్దీ అది మధ్యమధ్య బొమ్మలు వదిలేసుకుంటూ పోతుంది, అందుకని మీరు ఇరవై నిమిషాలు తీసినా రెండు గంటలు తీసినా వీడియో అర నిమిషం అటూ ఇటూగానే వస్తుంది. వేగం మన చేతిలో ఉండాలంటే ఇన్ని సెకన్లకొకటి అని చెప్పగలిగే యాప్ ఏదైనా వేసుకోవాలి. మొదటిసారికి అవసరం లేదులెండి.

ఇక అసలు కష్టమంతా ఫోను కదలకుండా ఉంచడంలోనే ఉంది. మామూలు వీడియోలో చేయి కాస్త వణికినా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ గంటసేపట్లో ఎవరో ఒకసారి బల్లకి తగిలితే చాలు, వీడియోలో బొమ్మ ఎగిరి పక్కకి పడ్డట్టు కనిపిస్తుంది. స్టాండు ఉంటే సరే, లేకపోతే నీళ్ళు నిండా పోసిన బరువైన సీసాకి ఫోనుని రబ్బరు బ్యాండ్లతో గట్టిగా కట్టేయండి. ఫ్యాను ఆపేయండి. అడ్డంగానా నిలువుగానా అన్నది ముందే తేల్చుకోండి, మధ్యలో మనసు మార్చుకోవడం కుదరదు. "ఎంతవరకు వచ్చిందో ఒక్కసారి చూద్దాం" అని వేలు పెట్టారో, మళ్ళీ మొదటికే. ఈ గంటసేపు చేతులు కట్టుకుని కూర్చోవడం మీ ఇద్దరిలో చిన్నదానికే కష్టం అనుకుంటున్నాను, చూద్దాం.

వెలుతురు సంగతి చాలామంది వదిలేస్తారు, వీడియో అంతా మిణుకుమిణుకుమంటూ వచ్చాక తల పట్టుకుంటారు. ఎందుకలా అవుతుందంటే, ప్రతి ఫొటోకీ ఎంత వెలుగు కావాలో ఫోను తనంతట తానే మళ్ళీ మళ్ళీ తేల్చుకుంటుంది. ఒకటి కాస్త ఎక్కువ, ఇంకొకటి కాస్త తక్కువ. అవన్నీ సెకనుకి 30 చొప్పున పరిగెత్తితే మిణుకుమిణుకే కదా. చాలా ఫోన్లలో తెర మీద ఐసు ముక్క ఉన్నచోట వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్, ఎక్స్‌పోజర్ (అంటే ఫొటోకి తీసుకునే వెలుగు) రెండూ లాక్ అవుతాయి. అది చేశాకే రికార్డ్ నొక్కండి. కిటికీ వెలుగుని నమ్ముకోవద్దు, ఒక మబ్బు అడ్డొస్తే చాలు గదంతా మారిపోతుంది. పరదాలు వేసేసి ఒక్క టేబుల్ ల్యాంపు పెట్టండి, అదీ ముందునుంచి కాదు, పక్కనుంచో కాస్త వెనకనుంచో. ప్లేటు నల్లగా ఉంటే ఇంకా మంచిది, తెల్ల ప్లేట్లో ఐసు కనపడనే కనపడదు.

అలా పక్కనుంచి వెలుగు పడ్డప్పుడు ముక్క లోపల తెల్లగా పొగలాంటిది కనిపిస్తుంది చూడండి. నీళ్ళు బయటివైపునుంచి లోపలికి గడ్డకడుతూ వస్తాయి, వాటిలో కరిగి ఉన్న గాలికి ఐసులో చోటుండదు, అది లోపలికి జరిగి జరిగి చివరికి మధ్యలో సన్నటి బుడగలై చిక్కుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టేముందు నీళ్ళలో ఒక చుక్క రంగు కలిపి చూడండి, రంగు కూడా చాలావరకు మధ్యకే చేరుతుంది. కరిగేటప్పుడు ముందు అంచులు గుండ్రంగా అరుగుతాయి, లేతరంగు నీళ్ళు పాకుతాయి, పోనుపోను రంగు చిక్కబడుతుంది, ఎక్కడో ఒకచోట ముక్క తన నీళ్ళలో తానే జారి పక్కకి ఒరుగుతుంది. అందుకే ఫ్రేములో ముక్క చుట్టూ కాస్త ఖాళీ వదలండి.

నొక్కేముందు ఫోన్లో ఖాళీ ఉందో లేదో చూసుకుని, లెన్సు తుడిచి, ఛార్జరు పెట్టి, ఫ్లైట్ మోడ్‌లో వేయండి. మధ్యలో ఫోనొస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఫోను అమ్మది కాబట్టి గంటసేపు ఎవరికీ దొరకదన్న సంగతి ఆమెకి ముందే చెప్పండి, లేకపోతే ఆమెకి టెన్షన్, మీకు తిట్లు.

ఐసు బాగా వచ్చాక చిక్కుడు గింజకి వెళ్ళొచ్చు. గాజు గ్లాసు లోపలి అంచుకి తడి దూదితో గింజని ఆనించి పెడితే వేరు రావడం బయటికి కనిపిస్తుంది. దీనికి రోజులు పడతాయి, కాబట్టి ఇంట్లో ఎవరూ వాడని పాత ఫోను ఒకటి, రాత్రంతా వెలిగే దీపం ఒకటి కావాలి, దూది మాత్రం ఎండిపోనివ్వద్దు. మూడు రోజుల పాటు 10 నిమిషాలకొకటి తీస్తే 432 ఫొటోలు, అంటే 14 సెకన్ల పైచిలుకు. ముందు వేరు కిందికి దిగుతుంది, తర్వాత కాడ మెడ వంచుకుని పైకి లేస్తుంది. ఆ లేచేటప్పుడు గమనించండి, నిటారుగా పెరగదు, తల గుండ్రంగా తిప్పుతూ పెరుగుతుంది. ఇది ఛార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కెమెరా లేకుండానే పట్టుకున్నారు. మొక్క కొసకి సన్నటి గాజుపోగు అంటించి, ఎదురుగా గాజు పలక పెట్టి, కొస ఎక్కడుంటే అక్కడ గంటల తరబడి చుక్కలు పెట్టి కలిపారు. ఆ సంగతులన్నీ 1880లో అచ్చయ్యాయి. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి జర్మనీలో విల్‌హెల్మ్ ఫెఫర్ అనే వృక్షశాస్త్రవేత్త మొక్కల కదలికల్ని సినిమా కెమెరాతోనే తీశారు, అందులో చిక్కుడు జాతి మొక్క కూడా ఉంది.

మబ్బులు తీయాలంటే 3 నుంచి 5 సెకన్లకొకటి సరిపోతుంది, కాకపోతే ఫోనుని సూర్యుడి వైపు తిప్పొద్దు, మీరూ అటు చూడొద్దు.

ఐసు వీడియో అవగానే పాటలూ గీటలూ తగిలించకుండా ఉన్నదున్నట్టు నాకు పంపండి. లెక్క వేసిన కాగితం కూడా ఫొటో తీసి పంపండి, భాగహారం ఎవరు చేశారో రాసి మరీ.

మీ తాతయ్య