పరీక్షకు చిక్కని మతిమరుపు: క్యాన్సర్ చికిత్స తర్వాత మెదడు

పరీక్ష చేసేవారు 12 మాటలను ఒక్కొక్కటిగా, తొందర లేకుండా చదువుతారు. విన్నవారు గుర్తున్నన్ని తిరిగి చెప్పాలి. ఇలా మూడుసార్లు జరిగాక వేరే ప్రశ్నల్లో పెట్టి, 20 నుంచి 25 నిమిషాలు గడిచిన తర్వాత, ఈసారి జాబితా చదవకుండానే మళ్లీ అడుగుతారు. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి ఏడాదైన ఒక స్త్రీ అందులో 9 మాటలు చెప్పిందనుకుందాం. ఆమె వయసుకూ చదువుకూ అది మామూలు ఫలితమే కాబట్టి, జ్ఞాపకశక్తిలో లోపం కనబడలేదని రిపోర్టులో రాస్తారు. ఆమె మాత్రం ఆఫీసుకు వెళ్లి, ఒక ఈమెయిల్‌ను మూడుసార్లు చదివినా అందులో తననేం అడిగారో పట్టుకోలేక, జవాబును మరునాటికి వాయిదా వేస్తుంది.

రిపోర్టు అబద్ధం కాదు, ఆమె చెప్పేదీ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నదే ఈ సమస్యలో అసలు చిక్కు. వైద్యులు చాలాకాలం రోగుల మాటను అలసటగానో దిగులుగానో తీసిపారేయడానికి కారణం కూడా నా ఉద్దేశంలో ఇదే.

రోగులు దీన్ని ‘కీమో బ్రెయిన్’ అంటారు. ఇక్కడ పోయేది పాత జ్ఞాపకాలు కాదు. చిన్ననాటి సంగతులు, నేర్చుకున్న విద్య, మనుషుల ముఖాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. దెబ్బ తగిలేది, ఇప్పుడే విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకుని దానితో పనిచేసే శక్తికి. ఫోనుకు వచ్చిన ఆరంకెల ఓటీపీని ఒకసారి చూసి టైపు చేసేయడం అంతకుముందు వారికి ఒక పనే కాదు. ఇప్పుడు మూడో అంకె దగ్గరే చెరిగిపోయి, మళ్లీ మెసేజ్ తెరవాల్సి వస్తుంది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఎక్కదు, అరగంట పనికి గంట పడుతుంది. డిమెన్షియాలో లోపం రోగికంటే ముందు ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది, కాలం గడిచేకొద్దీ ముదురుతుంది. ఇక్కడ సాధారణంగా రోగికే ముందు తెలుస్తుంది, చాలామందిలో నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

రోగుల ఫిర్యాదుకు అంకెల బలం 1990ల చివర్లో దొరికింది. నెదర్లాండ్స్‌లో చికిత్స ముగిసి రెండేళ్లయిన రొమ్ము క్యాన్సర్ రోగులను పరీక్షించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, అధిక మోతాదు కీమోథెరపీ తీసుకున్నవారిలో 32 శాతం మందికి, మామూలు మోతాదు తీసుకున్నవారిలో 17 శాతం మందికి, కీమో తీసుకోనివారిలో 9 శాతం మందికి లోపం కనిపించింది. మోతాదుతోపాటు లోపమూ పెరిగింది కనుక నేరం మందులదేనని తేలినట్టే అనిపించింది. అయితే తర్వాతి పరిశోధకులు చికిత్స మొదలుకాకముందే పరీక్షలు పెట్టి చూసేసరికి, కొన్ని అధ్యయనాల్లో 30 శాతం దాకా రోగులు అప్పటికే ఆశించినదానికంటే తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. కణితి వల్ల ఒంట్లో పుట్టే వాపు, వ్యాధి తెలిసినప్పటి భయం, నిద్రలేమి, ఆపరేషన్ అన్నీ ఇందులో ఉండవచ్చు. ఆపైన హార్మోన్ చికిత్స ఒకటి. టామాక్సిఫెన్ వాడే స్త్రీలలోనూ, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు పురుష హార్మోన్‌ను అణచే మందులు వాడేవారిలోనూ ఇలాంటి ఫిర్యాదులే వినిపిస్తాయి. అందుకే పరిశోధకులు ఇప్పుడు కీమో పేరు ఎత్తకుండా, క్యాన్సర్‌తో ముడిపడిన జ్ఞానసామర్థ్య లోపం అంటున్నారు. పేరు కాస్త బరువుగానే ఉన్నా నిందను ఒక్క మందు మీదే వేయదు.

రిపోర్టుకూ రోగి అనుభవానికీ ఉన్న తేడాను అన్నిటికంటే స్పష్టంగా చూపింది, నా దృష్టిలో, 2007లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న అధ్యయనం. అందులో ఉన్నది ఇద్దరే, ఏకరూప కవలలైన అక్కాచెల్లెళ్లు. ఒకరు రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకున్నారు, ఇంకొకరికి క్యాన్సరే రాలేదు. జన్యువులు ఒకటే కాబట్టి, ఒకరిని చూస్తూ ఇంకొకరు ఎలా ఉండేవారో ఊహించుకునే అరుదైన అవకాశం అది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఇద్దరికీ పెద్దగా తేడా రాలేదు. కీమో తీసుకున్నామె మాత్రం తన మతిమరుపు గురించి చాలా ఎక్కువగా చెప్పింది. తర్వాత, పనిచేస్తున్న మెదడులో రక్తప్రవాహాన్ని చూపే ఎమ్మారైలో ఉంచి, వరుసగా వచ్చే అంశాల్లో ఇప్పుడొచ్చింది కొద్దిసేపటి కిందట వచ్చినదేనా అని గుర్తుపట్టే పని ఇచ్చారు. అదే పని చేయడానికి కీమో తీసుకున్నామె మెదడు ఇంకా విశాలమైన ప్రాంతాలను రంగంలోకి దింపవలసి వచ్చింది. ఇద్దరూ గమ్యం చేరారు, కానీ ఒకరు చదునైన దారిలో, ఇంకొకరు ఎత్తు ఎక్కుతూ. ఇద్దరు మనుషులతో సిద్ధాంతం నిలబడదన్నది నిజమే. అయినా నిశ్శబ్దమైన గదిలో, ఒక్కో పనిగా, అరగంట పాటు పెట్టే పరీక్షలో మెదడు అదనపు శ్రమతో నెట్టుకురాగలదనీ, ఫోన్లూ పిలుపులూ పరధ్యానాలూ ఉండే ఎనిమిది గంటల పనిదినంలో ఆ అదనం కరిగిపోతుందనీ అనుకుంటే, మొదట చెప్పిన స్త్రీ కథలో వైరుధ్యమేమీ మిగలదు.

మెదడులో జరిగేదేమిటి? రక్తంలోని పదార్థాలను వడపోసి లోనికి పంపే ఒక అడ్డుగోడ మెదడుకు ఉంటుంది. చాలా కీమో మందులు దాన్ని సులభంగా దాటలేవు. దాటలేని మందు కూడా ఒంట్లో మిగతాచోట్ల కణాలను దెబ్బతీసినప్పుడు, వాపును నడిపించే సైటోకైన్లు అనే ప్రొటీన్లు పెరిగి, వాటి ప్రభావం మెదడు దాకా పాకుతుంది. మెథోట్రెక్సేట్‌లాంటి కొన్ని మందులు అధిక మోతాదులో నేరుగానే లోనికి వెళతాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మిషెల్ మోంజే బృందం 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఈ మందు ఇచ్చిన ఎలుకల మెదడులో కాపలా కణాలైన మైక్రోగ్లియా రెచ్చిపోయి, మందు ఆపిన నెలల తర్వాత కూడా అలాగే ఉండిపోయాయి. అవి నాడీకణాలకు తోడ్పడే ఆస్ట్రోసైట్లు అనే కణాలను కలవరపెట్టాయి, ఆ గొలుసులో చివరికి నష్టపోయింది మైలిన్‌ను తయారుచేసే కణాల వంశం. మైలిన్ అంటే నాడీతంతువుల మీది తొడుగు. కరెంటు తీగ మీది ప్లాస్టిక్ పూత లీకు కాకుండా చూడటం వరకే చేస్తుంది, మైలిన్ అయితే సంకేతం వేగాన్నే పెంచుతుంది. అది పలచబడితే సంకేతం చేరుతుంది, ఆలస్యంగా చేరుతుంది. రోగులు చెప్పే ‘మెదడు మందగించింది’ అన్న మాటకు ఇంతకంటే దగ్గరగా వచ్చిన జీవశాస్త్రం నాకు కనబడలేదు. రెచ్చిపోయిన మైక్రోగ్లియాను ఒక మందుతో తొలగించినప్పుడు ఆ ఎలుకల జ్ఞాపకశక్తి కోలుకుంది. అయితే అది ఎలుకల్లో తేలిన సంగతి, ఆసుపత్రిలో రాసిచ్చే మందు కాదు.

ఎంతకాలం ఉంటుందన్నది అందరూ అడిగే ప్రశ్న. 581 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను, 364 మంది ఆరోగ్యవంతులను పోల్చిన అమెరికన్ అధ్యయనంలో, కీమోకు ముందు నుంచి కీమో ముగిసిన ఆరు నెలల దాకా చూస్తే, తమ జ్ఞాపకశక్తి గణనీయంగా తగ్గిందన్నవారు రోగుల్లో 36.5 శాతం, ఆరోగ్యవంతుల్లో 13.6 శాతం. ఎక్కువమంది క్రమంగా కోలుకుంటారు, కొందరిలో ఏళ్లపాటు మిగులుతుంది. నెదర్లాండ్స్‌లోనే, పాతకాలపు మూడు మందుల కీమో తీసుకుని సగటున 21 ఏళ్లు గడిచిన 196 మందిని, క్యాన్సర్ లేని 1,509 మంది స్త్రీలతో పోల్చినప్పుడు, మాటలను గుర్తుపెట్టుకోవడంలోనూ వేగంలోనూ చిన్నదే అయినా తేడా కనిపించింది.

దీనికని ఆమోదం పొందిన మందు లేదు. కనుక మొదటి పని, సరిచేయగల కారణాలను ఏరివేయడం. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బీ12 కొరత, సరిగా పట్టని నిద్ర, కుంగుబాటు, నొప్పి మందులూ నిద్రమాత్రలూ తెచ్చే మత్తు వీటిలో ఏదైనా ఇదే రూపంలో కనిపించవచ్చు. హఠాత్తుగా వచ్చిన అయోమయం, మాట తడబాటు, ఒక పక్క బలహీనత, తీవ్రమైన తలనొప్పి మాత్రం ఈ కోవలోవి కావు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలినవారికి వ్యాయామం, మెదడుకు శిక్షణ, పనిని విడగొట్టుకునే పద్ధతులు కొంత మేలు చేస్తున్నాయి. ఆస్ట్రేలియాలో 242 మందితో చేసిన ప్రయోగంలో ఇంట్లోనే కంప్యూటర్ మీద 15 వారాలు శిక్షణ పొందినవారు తమ జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మెరుగయ్యాయని చెప్పారు. పరీక్షల్లో మార్కులు మాత్రం పెద్దగా కదలలేదు. ఇక్కడా అదే చిక్కు, కాకపోతే ఈసారి రోగికి అనుకూలంగా.

మొదట చెప్పిన స్త్రీకి వచ్చిన 9 మార్కులు ఆమె వయసు వారి సగటుతో పోల్చినవి. చికిత్సకు ముందు ఆమెకు 12కు 12 వచ్చేవేమో ఎవరూ చూడలేదు. అందుకే కీమో మొదలుకాకముందే అలాంటి పరీక్ష ఒకటి చేయించి ఫైల్లో ఉంచగలరా అని డాక్టరును అడగడం మంచిది. అది లేనివారు, ఏ పనికి ముందు ఎంతసేపు పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో నాలుగు వారాలు రాసి తీసుకెళ్తే, 12 మాటల జాబితా చెప్పలేని సంగతి ఆ కాగితం చెబుతుంది.