తల వంచితే దేశభక్తేనా? యాసుకుని తగువు వెనుక 1932 నాటి ఉత్తరం

ఆగస్టు 15 మనకు జెండా పండుగ. జపాన్‌కు అది చక్రవర్తి రేడియోలో ఓటమిని ప్రకటించిన రోజు. ఆ రోజు, యుద్ధాల్లో దేశం కోసం చనిపోయినవారిని దేవతలుగా కొలిచే టోక్యోలోని యాసుకుని మందిరానికి ప్రధాని స్వయంగా వెళ్ళారా, కానుక పంపి ఊరుకున్నారా, మంత్రుల్లో ఎవరెవరు వెళ్ళారు అన్న లెక్కతోనే వార్తలు మొదలై, బీజింగ్, సియోల్‌ల నిరసనతో ముగుస్తాయి. యుద్ధ నేరస్థులుగా తీర్పు పొందిన 14 మందిని 1978లో అక్కడ గుట్టుగా ప్రతిష్ఠించిన సంగతి ప్రతి ఏడూ రాస్తున్నదే కనుక దాన్ని ఇక్కడ మళ్ళీ ఎత్తుకోవడం లేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న విశ్వాసుల బృందంతో కలిసి నేను ఆ మందిరానికి వెళ్ళాను. కుదాన్‌షితా స్టేషను మెట్లెక్కి పైకి రాగానే 25 మీటర్ల ఎత్తున్న ఉక్కు ద్వారం కనబడుతుంది. మాతో వచ్చిన పాస్టరుగారు దాన్ని దాటకుండా అక్కడే ఆగి, కళ్ళు మూసుకుని, ఈ దేశం మీదున్న దుర్గములు కూలిపోవాలని ప్రార్థించారు. జపాన్ జనాభాలో క్రైస్తవులు సుమారు ఒక్క శాతమే కదా, ఆత్మీయమైన అడ్డుగోడ ఏదో ఉండబట్టే సువార్త పాకడం లేదన్నది ఆయన నమ్మకం. నేనూ ఆమేన్ అన్నాను. లోపల జనం రెండుసార్లు వంగి, రెండుసార్లు చేతులు చరిచి, మళ్ళీ ఒకసారి వంగుతున్నారు. వాళ్ళ వెనుక చేతులు కట్టుకుని నిలబడ్డాక నాకు తట్టిన సందేహం వేరు: ఆ గోడకు రాళ్ళు మోసినవాళ్ళలో మనవాళ్ళు లేరా?

ఈ తగువు మలుపు తిరిగింది 1978లోనో 1945లోనో కాదు, 1932లో అని నా అభిప్రాయం. ఆ ఏడాది మే 5న, టోక్యోలో జెస్యూట్ సభకు చెందిన కేథలిక్కు గురువులు నడిపే సోఫియా విశ్వవిద్యాలయంలో సైనిక శిక్షణ ఇచ్చే అధికారి విద్యార్థులను యాసుకునికి నడిపించుకుని వెళ్ళాడు. వారిలో ఇద్దరో ముగ్గురో కేథలిక్కు కుర్రాళ్ళు తల వంచలేదు. బైబిలులో, రాజు ప్రతిమకు మొక్కక దూరా మైదానంలో షద్రకు, మేషాకు, అబేద్నెగోలు నిలబడిన తీరు మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. అయితే ఇక్కడ అగ్నిగుండం లేదు, ఆఫీసు కాగితాలు ఉన్నాయి. సైనిక శాఖ తన అధికారిని వెనక్కు పిలుస్తానని బెదిరించింది, చివరికి పిలిచింది కూడా. ఆ అధికారి లేకపోతే చదువు ముగిశాక తప్పనిసరి సైనిక సేవలో విద్యార్థులకు దక్కే వెసులుబాటు పోతుంది. అది పోయిన కాలేజీలో పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు ఎవరుంటారు? పత్రికలు కేథలిక్కులను దేశద్రోహులుగా చిత్రించడం మొదలుపెట్టాయి.

టోక్యో ఆర్చిబిషప్ షాంబోన్ సెప్టెంబరులో విద్యాశాఖకు ఉత్తరం రాశారు. ఈ నమస్కారానికి మతపరమైన అర్థం లేదని ప్రభుత్వం స్పష్టం చేస్తే తమవాళ్ళ చిక్కు తీరుతుందన్నది దాని సారాంశం. విద్యార్థులను తల వంచమనడం విద్య కోసమేనని, అది దేశభక్తిని, విధేయతను వెలిబుచ్చడమే తప్ప మరొకటి కాదని అదే నెలాఖరున ఉపమంత్రి నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబును ఎన్నిసార్లు చదివినా ఒక్కటి కనబడదు: మందిరం మతానికి చెందినదా కాదా అన్న ప్రశ్నకు సూటి సమాధానం. అడిగినవారికీ అంతకన్నా అక్కర లేకపోయింది. సోఫియా అధ్యక్షుడు హాఫ్‌మన్ స్వయంగా యాసుకునికి వెళ్ళివచ్చారు. 1936 మే 26న రోము (వాటికన్) కూడా ఆ అర్థాన్నే అంగీకరించి, అటువంటి ఉత్సవాల్లో విశ్వాసులు పాల్గొనవచ్చునని ఆదేశం జారీ చేసింది. (ఆ సడలింపు గాలి మన దాకా వీచింది. మలబారు ఆచారాలను, అంటే క్రైస్తవులైనవారు పాటించే స్థానిక హిందూ సంప్రదాయాలను, అనుమతించబోమని దక్షిణ భారతంలోని మిషనరీలు రెండు వందల ఏళ్ళుగా చేస్తూ వచ్చిన ప్రమాణం 1940లో రద్దయింది.)

కైసరువి కైసరుకు ఇచ్చి బడిని కాపాడుకున్నారని ఆనాటి గురువులను సమర్థించేవారు ఉన్నారు. ఆ వాదనను కొట్టిపారేయలేము. మూతపడిన బడి ఎవరికీ సువార్త చెప్పదు. కానీ ఆ వెసులుబాటు ఖరీదు ఎవరు చెల్లించారో చూడాలంటే, అప్పట్లో జపాన్ పాలనలో ఉన్న కొరియాకు వెళ్ళాలి. జపాన్ ప్రొటెస్టెంటు నాయకుడు తోమిటా మిత్సురు 1938లో ప్యోంగ్యాంగ్ వెళ్ళి, మందిర నమస్కారం మతారాధన కాదని అక్కడి పాస్టర్లకు నచ్చజెప్పబోయాడు. ఆ సెప్టెంబరులో కొరియాలోని ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ) మహాసభ జరిగినప్పుడు ప్రతినిధుల మధ్య పోలీసులు కూర్చున్నారు. మందిర నమస్కారం మతం కాదన్న తీర్మానానికి అనుకూలురెవరని అడిగారే గానీ, వ్యతిరేకులెవరని అడగనే లేదు. తీర్మానానికి ఒప్పుకోని పాస్టరు జు గిచోల్ 1944 ఏప్రిల్‌లో ప్యోంగ్యాంగ్ చెరసాలలోనే ప్రాణం విడిచాడు. జపాన్‌లో 1941లో ప్రభుత్వ ఒత్తిడితో ముప్పైకి పైగా శాఖలను కలిపి క్యోదాన్ అనే ఒకే సంఘంగా చేశారు. దానికి అధిపతి అయిన తోమిటా 1942 జనవరిలో, సూర్యదేవత కొలువైన ఇసే మందిరానికి వెళ్ళి సంఘం ఏర్పడిందని విన్నవించాడు. అదే ఏడాది జూన్‌లో హోలినెస్ శాఖ పాస్టర్లను అరెస్టు చేశారు. క్యోదాన్ తన తప్పును ఒప్పుకుంటూ ప్రకటన చేయడానికి 1967 ఈస్టరు దాకా పట్టింది.

యుద్ధం ముగిశాక అమెరికా సేనలు రాజ్యాన్నీ, ఈ మందిరాల మతమైన షింటోనూ విడదీశాయి. యాసుకుని మత సంస్థగా నమోదైంది. అంటే 1932లో మతం కాదన్నది ఇప్పుడు చట్టరీత్యా మతమే. అయినా నాయకులు మాత్రం ఇది మృతులకు నివాళి అన్న పాత మాటనే పలుకుతున్నారు. దేశం కోసం చచ్చిపోయినవారిని తలచుకోవడానికి బయటివారి అనుమతి దేనికని మందిరం పక్షం అడుగుతుంది. కొడుకును పోగొట్టుకున్న తల్లి నోట ఆ ప్రశ్న వింటే జవాబు చెప్పడం కష్టమే. కానీ అక్కడ దేవతలుగా నమోదైన సుమారు 24 లక్షల 66 వేల మందిలో కొరియన్లు, తైవానీయులు, క్రైస్తవులు కూడా ఉన్నారు. మా వాళ్ళ పేర్లు తీసివేయండని కొన్ని కుటుంబాలు కోర్టులకెక్కాయి. ఒకసారి ప్రతిష్ఠించిన ఆత్మలను విడదీయడం కుదరదన్నది మందిరం సమాధానం. ఇలాంటిదే మరో కథ యామాగుచి జిల్లాలో జరిగింది. ఇప్పటి జపాన్ సైన్యమైన ఆత్మరక్షణ దళంలో పనిచేస్తూ రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక ఉద్యోగిని, క్రైస్తవురాలైన భార్య వద్దన్నా, 1972లో స్థానిక మందిరంలో దేవతగా చేర్చారు. ఆమె కింది కోర్టులో, హైకోర్టులో గెలిచింది. 1988 జూన్ 1న సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టివేస్తూ, ఇతరుల మతాచరణ పట్ల ఆమే సహనం చూపాలన్నది.

యాసుకుని ఆవరణలోని మ్యూజియం ముందు హాలులో సి56 తరగతి 31వ నంబరు ఆవిరి ఇంజను నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. యుద్ధకాలంలో జపాన్ సైన్యం వేయించిన థాయిలాండ్–బర్మా రైలుమార్గంలో నడిచిన బండి అది. ఆ పట్టాలు వేయడానికి మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. వేలాది మంది ఆ అడవుల్లోనే కలరాకు, ఆకలికి రాలిపోయారు. వాళ్ళ పేర్లు ఏ మందిరపు పట్టీలోనూ లేవు. పాస్టరుగారు ఆ ఇంజను దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఈసారి పైకి ప్రార్థించలేదు.

2024 అక్టోబరు నుంచి 2025 అక్టోబరు దాకా ప్రధానిగా ఉన్న ఇషిబా షిగేరు, క్యోదాన్‌కే చెందిన తొత్తొరి సంఘంలో బాప్తిస్మం పొందిన క్రైస్తవుడు. 2025 ఆగస్టు 15న ఆయన యాసుకునికి వెళ్ళలేదు, పార్టీ అధ్యక్షుడి హోదాలో కానుక పంపారు. అదే ఏడాది జనవరి 6న మాత్రం, 83 ఏళ్ళ క్రితం జనవరిలోనే తోమిటా నడిచిన ఇసే మందిరానికి వెళ్ళి నమస్కరించారు. ఏటా జనవరిలో ప్రధానులు అక్కడికి వెళ్ళడం ఆనవాయితీ కనుక, దాన్ని ఎవరూ పెద్ద వార్తగా చూడలేదు.