పుచ్చకాయ మీద శాన్‌ఫ్రాన్సిస్కో

మా పలాసలో పక్కింటి పిన్ని కూతురు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తోంది. ఆ విమానం జాడను ఫోనులో చూస్తున్న పిన్ని కంగారు పడింది. "అమెరికా పడమర కదా బాబూ, ఇది తూర్పుకు పోతోందేమిటి?"

వంటింట్లోంచి గుండ్రటి పుచ్చకాయ, రెండు గుండుసూదులు, పూలు కట్టే దారం తెప్పించాను. కాయను భూమి, తొడిమను ఉత్తర ధ్రువం అనుకోమని చెప్పి, తొడిమ పైకి ఉండేలా కాయను నిలబెట్టి, నడుముకు కాస్త పైన, ఒకే ఎత్తులో, కాయ చుట్టులో మూడో వంతు ఎడంగా సూదులు గుచ్చాను. వాటి మధ్య దారాన్ని అడ్డంగా, అదే ఎత్తున పరిచి బిగించి లాగేసరికి అది తొడిమ వైపు జారిపోయింది. కొంత దారం నా చేతిలో మిగిలింది. బిగిసిన ఆ దారమే దగ్గరి దారి. గోడ మీది పటంలో స్కేలు పెట్టి గీసిన గీత కాదు.

ఆ లెక్కన ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య దూరం సుమారు 12,400 కి.మీ. కానీ ఆ దారి హిమాలయాలు, టిబెట్ దాటి సైబీరియా మీదుగా ధ్రువం దాపుకు పోతుంది. విమానం లోపల గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో నేలే సగటున 4,000 మీటర్ల పైన ఉంటే దిగేదెక్కడికి?

కాబట్టి చుట్టు తిరగక తప్పదు. ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా 13,900 కి.మీ. తిరిగేది. 2016 అక్టోబరులో తూర్పుకు తిరిగి పసిఫిక్ దారి పట్టింది. అది 15,300 కి.మీ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే దాదాపు రెండు గంటల ముందే! సగటున గంటకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే.

ఆ వేగమంతా ఇంజన్లది కాదు. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు గాలి ఏరులా పారుతుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. భూమధ్యరేఖ వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా గాలిని కదిలిస్తే, భూభ్రమణం దాన్ని తూర్పుకు మళ్ళిస్తుంది. వంశధారలో వరద వాలుకు పడవ వేసినవాడికీ, ఎదురు తెడ్డు వేసినవాడికీ ఉన్న తేడాయే ఇక్కడా. గంటకు 900 కి.మీ. పోయే విమానానికి వంద కిలోమీటర్ల గాలి తోడైతే 8,000 కి.మీ. ఎనిమిది గంటల పని. అదే గాలి ఎదురైతే పది గంటలు.

"భూమి తిరుగుతోంది కదా, గాల్లో ఆగితే అమెరికానే మన కిందికి రాదా?" అంది పిన్ని. రాదు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. కదిలే రైల్లో ఎగిరినవాడు మళ్ళీ అదే పెట్టెలో దిగుతాడు.

అమ్మాయి దిగానని ఫోను చేసింది. మనకు ఆదివారం రాత్రి ఏడున్నర. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి ఢిల్లీలో ఎక్కిన పిల్ల, అక్కడ ఇంకా ఆదివారం ఉదయం ఏడు గంటలేనని చెప్పింది. పిన్ని ఆ ముచ్చట నలుగురికీ చెబుతూనే, సూదులు తీసేసి పుచ్చకాయ కోసింది.