పిల్లలు, తలకిందుల ఆసనాలు: అపోహలు - వాస్తవాలు

పిల్లల్ని యోగా క్లాసులో చేర్చిన కొద్దిరోజులకే పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, మావాడు శీర్షాసనం ఎప్పుడు వేస్తాడు?" ఊపిరి ఎలా తీస్తున్నాడని అడిగేవాళ్లు తక్కువ. నేను మాత్రం చూసేది ఒక్కటే: తలకిందులైనప్పుడు ఒంటి బరువు చేతుల మీద పడుతోందా, మెడ మీద పడుతోందా?

అపోహ: మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు కదా, శీర్షాసనం చిన్నప్పుడే మొదలుపెట్టించాలి.

వాస్తవం: వంగడం వేరు, బరువు మోయడం వేరు. పిల్లల ఒళ్లు బాగా వంగుతుంది, నిజమే. కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు వాళ్లకు వదులుగా ఉండటమే అందుకు ఒక కారణం. మెడ కండరాలు ఇంకా బలపడలేదు. పైగా తల పెద్దది. పుట్టినప్పుడు ఒంటి పొడవులో సుమారు నాలుగో వంతు తలే ఉంటుంది, పెద్దయ్యాక అది ఏడెనిమిదో వంతుకు తగ్గుతుంది.

శీర్షాసనంలో బరువు ఎక్కువగా ముంజేతులు మోయాలి. అందుకు భుజం నుంచి మోచేతి దాకా ఉన్న పొడవు చాలాలి. వెనకటికి బడిలో చేర్చుకునే ముందు, చేతిని తల మీదుగా తిప్పి అవతలి చెవి అందుకోమనేవారు. నాదీ దాదాపు అలాంటి పరీక్షే. రెండు చేతులూ పైకెత్తి, మోచేతులు మడిచి, అరచేతులతో ఎదుటి మోచేతుల్ని పట్టుకోమంటాను. మోచేతులు నడినెత్తిని దాటి పైకి రావాలి. నుదుటి దగ్గరే ఆగిపోతే, ఆ పిల్ల ఎంత చురుకైనదైనా సరే, బరువంతా మెడ మీదికే వెళ్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నా క్లాసులో శీర్షాసనం లేదు. ఆ వయసు దాటినవాళ్లు కూడా ముందు కొన్ని నెలలు డాల్ఫిన్ ఆసనం చేయాలి. ముంజేతులు నేలకు ఆనించి నడుము పైకెత్తుతారు, తల మాత్రం నేలకు తగలదు.

అపోహ: తలకిందులుగా ఉంటే మెదడుకు రక్తం బాగా అంది మార్కులు పెరుగుతాయి. కళ్లజోడు కూడా పోతుంది.

వాస్తవం: మనం నిలబడినా తలకిందులైనా, మెదడుకు అందే రక్తం పెద్దగా మారకుండా అక్కడి రక్తనాళాలే సర్దుకుంటాయి. ముఖం ఎర్రబడేది సిరల్లో రక్తం నిలవడం వల్ల. కంట్లో ఒత్తిడి మాత్రం నిజంగానే పెరుగుతుంది. శీర్షాసనంలో అది దాదాపు రెట్టింపు అవుతుందని పరీక్షల్లో తేలింది. కళ్లజోడు పోవడం సంగతి అటుంచి, మైనస్ పవర్ బాగా ఎక్కువున్న పిల్లలైతే ముందు కంటి డాక్టర్‌ని అడగాలి. గ్లకోమా (నీటికాసులు), రెటీనా (కంటి వెనక పొర) సమస్య ఉంటే అసలు వద్దు.

అపోహ: ఎంత ఎక్కువసేపు ఉంటే అంత లాభం.

వాస్తవం: పాత యోగా గ్రంథం హఠయోగ ప్రదీపిక కూడా మొదలుపెట్టగానే ఎక్కువసేపు ఉండమనలేదు. విపరీతకరణి (తల కిందికి, కాళ్లు పైకి ఉంచడం) మొదటిరోజు క్షణకాలమే చేయాలని, తర్వాత రోజూ కొద్దికొద్దిగా పెంచాలని ఉంది. (ఆరు నెలల్లో ముడతలు, నెరిసిన జుట్టు పోతాయనీ ఉంది లెండి. పిల్లలకు ఆ రెండూ లేవు.)

అపోహ: గోడ ఉంది, కింద పరుపు ఉంది, కాళ్లు నేను పట్టుకుంటాను. ఇంకేం భయం?

వాస్తవం: ఈ మూడూ కలిస్తేనే నాకు టెన్షన్. గోడ ఉందన్న ధైర్యంతో పిల్లలు కాళ్లు విసురుతారు, ఆ ఊపంతా మెడకు తగులుతుంది. మెత్తటి పరుపులో తల ఒక పక్కకు దిగబడిపోతుంది. గట్టి నేల మీద పల్చటి మ్యాట్ చాలు. సాయం పట్టేవాళ్లు పక్కన నిలబడి తుంటి దగ్గర పట్టుకోవాలి. చీలమండలు పట్టి పైకి లాగితే నడుము వంకర పోతుంది, బరువు ఎటు పడుతోందో మనకూ తెలియదు. ఎక్కడం కన్నా ముందు దిగడం నేర్పండి: మోకాళ్లు మడిచి, మెల్లగా కిందికి వచ్చి, వెంటనే లేవకుండా కాసేపు శశాంకాసనంలో, అంటే మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి నుదురు నేలకు ఆనించి ఉండాలి.

అపోహ: శీర్షాసనం ప్రమాదం, సర్వాంగాసనం పర్లేదు.

వాస్తవం: భుజాల మీద నిలబడే సర్వాంగాసనంలో తల మీద బరువు పడదు గానీ మెడ బాగా ముందుకు వంగుతుంది. భుజాల కింద మడతపెట్టిన దుప్పట్లు వేసి, తలను వాటి కన్నా కిందగా నేల మీద ఉంచితే ఆ వంపు తగ్గుతుంది. ఆసనంలో ఉన్నంతసేపూ మెడ తిప్పకూడదు. "చిన్నీ, ఇటు చూడు!" అని ఫోన్ పట్టుకుని పిలిచే నాన్నలకు ఒక మనవి: ఫొటోకి కదలని ఆసనాలు ఇంకా బోలెడున్నాయి.

పెద్దవాళ్లు చూడగానే హడలిపోయే ఆసనం, చేతుల మీద నిలబడటం, మెడకు వీటి కన్నా నయం. అందులో తల నేలకు తగలదు కాబట్టి. మణికట్లు, భుజాలు బలపడ్డాక, పాదాలు గోడకు ఆనించి ఎల్ ఆకారంలో మొదలుపెట్టిస్తాను.

అపోహ: ఇవి రాకపోతే యోగా వచ్చినట్టు కాదు.

వాస్తవం: జూన్ 21న యోగా దినోత్సవంలో చేయించే ఆయుష్ శాఖ ఉమ్మడి కార్యక్రమంలో శీర్షాసనమూ లేదు, సర్వాంగాసనమూ లేదు. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే సేతుబంధాసనం, కాళ్లు పైకెత్తే అర్ధ హలాసనం ఉన్నాయి. యోగాసన పోటీలకు వెళ్లే పిల్లల దారి వేరు, వాళ్లకు విడిగా కోచ్ ఉండాలి.

అపోహ: నెలసరిలో తలకిందులైతే రక్తం వెనక్కి పోయి జబ్బు చేస్తుంది.

వాస్తవం: అలా హాని జరుగుతుందని రుజువు కాలేదు. నొప్పిగా ఉందని పడుకుంటానంటే పడుకోనివ్వండి, చేస్తానంటే ఆపకండి.

ఇక అడ్మిషన్ రోజే అడగాల్సినవి. ఫిట్స్ ఉన్నాయా, గుండె సమస్య ఉందా, తలలో షంట్ (మెదడులో చేరే నీటిని బయటికి పంపే గొట్టం) వేశారా, ఈ వారం చెవిపోటు గానీ జలుబు గానీ ఉందా, భోజనం చేసి ఎంతసేపైంది? డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడలో మొదటి రెండు పూసల మధ్య కీలు వదులుగా ఉంటుంది. డాక్టర్ సరే అనేదాకా వాళ్లకు పిల్లిమొగ్గలు కూడా వేయించను. గోడకు కాళ్లు చాపి వెల్లకిలా పడుకోబెడతాను. మిగతా పిల్లలు కూడా అడిగి మరీ చేసే ఆసనం అది.