వినేవాళ్ల గోడు ఎవరు వినాలి? సోషల్ వర్క్ సూపర్‌విజన్ వెనక కథ

పోయిన నెల మా టీమ్‌లో ఒక అమ్మాయి చేరింది, కదిరి వైపు నుంచి వచ్చి ఇక్కడే బెంగళూరులో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చేసింది. ఒకరోజు సాయంత్రం రిజిస్టర్ మూస్తా "అక్కా, అమెరికాలో లైసెన్స్ కావాలంటే 3000 గంటలు ఒకరి కింద పనిచేయాలంట కదా, మనకేమీ లేదా" అని అడిగింది. ఆ పొద్దున ఆత్మహత్యకి ప్రయత్నించిన ఒక కుర్రాడి కేసు చూసింది, వాళ్లమ్మ తెలుగులో ఏడుస్తుంటే ఆ ఏడుపునంతా ఇంగ్లీషు చేసి డాక్టర్‌కి చెప్పింది కూడా తనే, ఎందుకంటే ఆ టైంకి వార్డులో తెలుగు వచ్చింది తనొక్కతికే. నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు, అందుకే కొంచెం వెనక్కి వెళ్లి రాస్తున్నా.

అంట కాదు, నిజమే. కాలిఫోర్నియాలో క్లినికల్ సోషల్ వర్కర్ లైసెన్స్‌కి 3000 గంటల పని, కనీసం 104 వారాల సూపర్‌విజన్, అంటే అనుభవమున్న సీనియర్‌తో కూర్చుని మన కేసుల గురించి మాట్లాడుకోవడం, ఉండాలి. టెక్సాస్‌లో కూడా 3000 గంటలే, అందులో సూపర్‌వైజర్‌తో కూర్చునేది 100 గంటలు. కానీ ఈ సూపర్‌విజన్ అనేది మనసు బాగోగులు చూసుకోడానికి పుట్టలేదు. 1877లో అమెరికాలోని బఫెలోలో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ మొదలైంది, వాలంటీర్లు పేదల ఇళ్లకి వెళ్లి వచ్చేవాళ్లు, వాళ్లకి కేసులు పంచి, సాయం అర్హులకే పోతోందా లేదా అని చూసే జీతగాళ్లు పైన ఉండేవాళ్లు. అంటే తనిఖీ. 1898లో న్యూయార్క్‌లో సమ్మర్ స్కూల్ పెట్టినాక నేర్పించడం కూడా దానికి తోడైంది. పనిచేసేవాళ్లకి ఆసరాగా ఉండటం కూడా సూపర్‌వైజర్ పనే అని, అజమాయిషీ, బోధనతో సమానంగా దాన్ని మూడోదిగా పెట్టి 1976లో ఆల్‌ఫ్రెడ్ కడూషిన్ రాశాడు. దానికి రెండేళ్ల ముందు ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ ఫ్రీ క్లినిక్‌లో పనిచేసేవాళ్లు ఎట్లా అలిసిపోయి ఆరిపోతున్నారో చూసి దానికి బర్నౌట్ అని పేరు పెట్టాడు. ఇక సెల్ఫ్ కేర్ అనే మాట అక్కడి సోషల్ వర్కర్ల నీతి నియమావళిలోకి ఎక్కింది 2021లో, బఫెలో నుంచి లెక్కేస్తే 144 ఏళ్లకి!

మన దగ్గరికి ఈ చదువు 1936లో బొంబాయిలో టాటా స్కూల్‌తో వచ్చింది, దాని మొదటి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ కూడా అమెరికా నుంచి వచ్చినాయనే. 1952లో మద్రాసులో మేరీ క్లబ్‌వాలా జాదవ్ ఇంకో స్కూల్ పెట్టారు. ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లకి ఐసీ, జీసీ (ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్, గ్రూప్ కాన్ఫరెన్స్) అంటే తెలుసు, ఫీల్డ్‌వర్క్ రిపోర్ట్ పట్టుకుని ఒక్కరుగానో గుంపుగానో మేడమ్ ముందు కూర్చునేది. డిగ్రీ చేతికి రాగానే అదీ పోతుంది. తర్వాత కూడా సూపర్‌విజన్ దొరికే దారి ఒకటుంది, ఎం.ఫిల్. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే సోషల్ వర్క్‌లో పీజీ, దానిమీద సూపర్‌విజన్‌లో క్లినికల్ ట్రైనింగ్ ఉండే రెండేళ్ల ఫుల్ టైమ్ ఎం.ఫిల్ చేసినవాళ్లు, రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్టర్ చేసేది వాళ్లని. హోసూర్ రోడ్డు మీద నిమ్‌హాన్స్ లాంటి పెద్ద మానసిక వైద్య సంస్థలో ఆ సీటు దొరకడం ఎంత కష్టమో రాసినవాళ్లకి తెలుసు. పైగా 2020 విద్యా విధానం ఎం.ఫిల్‌నే తీసేయమంది, ఈ కోర్సుకీ క్లినికల్ సైకాలజీకీ మాత్రం యూజీసీ 2025-26 వరకు పొడిగింపు ఇచ్చింది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం షెడ్యూల్లో క్లినికల్, మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లందరి పేర్లూ చేర్చారు, అది మంచిదే. కానీ ఆ రెండేళ్ల కోర్సులో ఉన్నవాళ్లని పక్కన పెడితే, వార్డుల్లో ఎన్జీవోల్లో ఉత్త ఎంఎస్‌డబ్ల్యూతో ఇలాంటి కేసులే చూసేవాళ్లని ఎవరు కూర్చోబెట్టి మాట్లాడిస్తారు?

నా మొదటి ఉద్యోగంలో ప్రతి సోమవారం మీటింగ్ ఉండేది, దానికి సూపర్‌విజన్ అనే పేరు. ఎన్ని హోమ్ విజిట్లు, ఎన్ని ఫాలోఅప్‌లు, ఫండర్‌కి రిపోర్ట్ పోయిందా, అంతే. ఒక కేసు తర్వాత రెండు వారాలు నాకు నిద్ర లేదు, డైరీ సర్కిల్ దగ్గర స్టాపులో కూర్చుని వచ్చిన బస్సు వచ్చినట్టే వదిలేసేదాన్ని, ఇంటికి పోతే అమ్మ మొహం చూడాలని భయం. దానికి నాకు దొరికిన మందు ఏడాదికి ఒక వర్క్‌షాప్, యోగా చేయండి నీళ్లు బాగా తాగండి అని. యోగా మంచిదే, నేనూ చేస్తా, కానీ తలకి మించి కేసులు ఇచ్చి వాటి గురించి మాట్లాడటానికి ఒక్క మనిషిని కూడా ఇవ్వకుండా నీ ఆరోగ్యం నువ్వే చూసుకో అనడం అన్యాయం, ఇది నేను ఎక్కడైనా చెప్తా.

ఇప్పుడు గురువారం నాలుగింటికి నేనూ ఆ అమ్మాయీ టీమ్‌లో ఇంకో ఇద్దరు జూనియర్లూ కూర్చుంటున్నాం. ఇది ఏ లైసెన్స్‌కీ లెక్కలోకి రాదు. మొదటి అరగంట ఫైలు తెరవకూడదు, తెలుగులోనే మాట్లాడాలి. మొన్న ఆ కుర్రాడి తల్లి అన్న మాట ఆ అమ్మాయి మళ్లీ చెప్పింది, "ఆ పొద్దు నేను చేనికి పోకపోయింటే బాగుండు మేడమ్" అని, ఈసారి ఇంగ్లీషు చేయకుండా, ఆమె అన్నది అన్నట్టే. చెప్పి చాలాసేపు ఏడ్చింది, మేం ఎవరమూ లేవలేదు.