ఎంసీబీ ఉంది కదా అనుకుంటే సరిపోదు

వర్క్‌షాపు మెషీన్‌కు ఉండే రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు 230 వోల్టుల దగ్గర పూర్తి లోడు మీద సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటుంది. నేమ్‌ప్లేటు మీద ఆ అంకె చూసి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడి, అంటే ట్రిప్ అయి, సరఫరా తెంపే స్విచ్) బిగిస్తారు. తీరా స్విచ్ వేయగానే అది పడిపోతుంది. మోటారులో లోపమేమీ లేదు. ఆగి ఉన్న మోటారు వేగం అందుకునేదాకా మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు, అంటే 60 నుంచి 70 ఆంపియర్ల దాకా లాగుతుంది. బి రకం ఎంసీబీ తన రేటింగుకు 3 నుంచి 5 రెట్ల మధ్య ఎక్కడైనా తక్షణం ట్రిప్ అవుతుంది. 16 ఆంపియర్లదైతే 48కీ 80కీ మధ్యన అన్నమాట. సి రకానికి ఆ హద్దు 5 నుంచి 10 రెట్లు. కాబట్టి అదే 16 ఆంపియర్లలో సి రకం వేస్తే సరిపోతుంది. అలా చేయకుండా 32 ఆంపియర్లది తెచ్చి పెట్టేవాళ్లే ఎక్కువ. మోటారు తిరుగుతుంది, నిజమే. కానీ గోడలోని 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు ఇక కాపలా లేదు. 25 ఆంపియర్లు పారి ఆ వైరు కాగిపోతున్నా 32 ఆంపియర్ల ఎంసీబీ కదలదు. ఎంసీబీ సైజు వైరును బట్టి ఉండాలి, మోటారు మొరాయింపును బట్టి కాదు.

వైరు మందం దూరాన్ని బట్టి కూడా మారుతుంది. బోర్డు నుంచి మెషీన్ 30 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు పోయిరావడానికి 60 మీటర్ల రాగి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దాని నిరోధం 0.7 ఓములు. నడుస్తున్నప్పుడు పోయేది 7 వోల్టులే. కానీ స్టార్టింగులో 60 ఆంపియర్ల దగ్గర 42 వోల్టులు వైరులోనే పోతాయి. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది మూడింట రెండు వంతులకు పడిపోతుంది. మోటారు మూలుగుతూ అక్కడే నిలబడిపోవచ్చు, అప్పుడు వైండింగ్ (లోపలి తీగచుట్ట) వేడెక్కుతుంది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 16 వోల్టులు.

ఎంసీబీ మోటారును కాపాడుతుందనుకోవడం మరో పొరపాటు. రంపం బ్లేడు మొద్దుబారి మోటారు 14 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే, ఎంతసేపైనా మోస్తుంది. 10 ఆంపియర్లకు తయారైన వైండింగ్ మాత్రం లోపల కమురుతుంది. అందుకే మోటారును ఆన్ చేసే స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగుతూ ఉంటే ఆపేసే భాగం) ఉండాలి, దాన్ని నేమ్‌ప్లేటు అంకె దగ్గరే పెట్టాలి. మాటిమాటికీ పడుతోందని డయల్ పైకి తిప్పడమంటే మోటారును తగలబెట్టడమే. త్రీ ఫేజ్ మోటారుకు ఇంకో గండం ఉంది. నడుస్తుండగా ఒక ఫేజ్ పోయినా అది ఆగదు, మిగతా రెండింటి మీదే లాగుతుంది. అప్పుడు ఆ రెండు వైర్లలో కరెంటు దాదాపు 1.7 రెట్లవుతుంది. ఫేజ్ పోవడాన్ని పసిగట్టే రిలే తీసుకోవడం మంచిది.

ఇక మనిషి ప్రాణం సంగతి. ఫేజ్ వైరు ఇన్సులేషన్ ఒరుసుకుపోయి మెషీన్ బాడీకి తగిలిందనుకుందాం. మెషీన్ పక్కనే కడ్డీ పాతి ఎర్తు ఇచ్చారు, ఆ కడ్డీ నిరోధం 10 ఓములు. 230 వోల్టులకు మట్టిలోకి పోయే కరెంటు మహా అయితే 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ గంటలోపు తప్పకుండా పడాలంటే 1.45 రెట్లు, అంటే 23.2 ఆంపియర్లు కావాలి. మన లెక్క ఆ గీతకు దిగువనే ఆగిపోయింది. అంటే గంట గడిచినా ఎంసీబీ పడకపోవచ్చు, అంతసేపూ బాడీలో కరెంటు ఉంటుంది. కడ్డీ పాతాం కదా అని నిశ్చింతగా ఉండడం ఇక్కడే ముంచుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకవడాన్ని పసిగట్టే స్విచ్) పెడితే అదే లీకేజీకి కన్నుమూసి తెరిచేలోపు సరఫరా తెగుతుంది. అలాగని ఆర్‌సీసీబీ ఒక్కటే చాలదు. అది ఓవర్‌లోడును చూడదు, వెనక ఎంసీబీ ఉండాల్సిందే. ఆర్‌సీసీబీ దాటాక న్యూట్రల్‌నూ ఎర్తునూ ఎక్కడా కలపకూడదు. దాని టెస్టు బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూడాలి. టెర్మినల్ బాక్సులో ఎర్తు వైరును మిగతావాటికన్నా కాస్త పొడవుగా వదలాలి. కేబుల్‌ను ఎవరైనా లాగేసినా చివరగా ఊడేది అదే అవ్వాలి.

కరెంటు పోయింది. బ్లేడుకు అడ్డుపడ్డ చెక్కముక్కను చేత్తో తీస్తున్నారు. కరెంటు వచ్చింది. మెషీన్‌కు మామూలు స్విచ్చే ఉంటే బ్లేడు తనంతట తానే తిరుగుతుంది. కాంటాక్టర్ (కాయిల్ అయస్కాంతంతో పట్టి ఉంచే స్విచ్) ఉన్న స్టార్టర్‌లో సరఫరా పోగానే కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితేనే మెషీన్ కదులుతుంది. వర్క్‌షాపులో ఒక్క వస్తువు మీదే డబ్బు పెట్టగలిగితే ముందు దీని మీదే పెట్టమంటాం. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌కు నొక్కనప్పుడు మూసి ఉండి, నొక్కితే తెరుచుకునే కాంటాక్టునే వాడాలి. అప్పుడు దాని వైరు తెగినా మెషీన్ ఆగిపోతుంది. నొక్కనప్పుడు తెరిచి ఉండే కాంటాక్టు వాడితే వైరు తెగిన సంగతి అవసరం పడ్డ రోజు దాకా తెలియదు.

మెషీన్లు అదురుతాయి, అదిరిన చోట స్క్రూలు వదులవుతాయి. ఒక లూజు కనెక్షన్ దగ్గర 0.1 ఓము నిరోధం చేరితే 20 ఆంపియర్లకు 40 వాట్ల వేడి పుడుతుంది. వేలిగోరంత చోట ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. పక్కనే రంపపు పొట్టు ఉంటే అంటుకోవడానికి ఇంకేం కావాలి? పోగుల వైరు చివరకు లగ్గు గానీ ఫెర్రూల్ గానీ (పోగులను కలిపి పట్టే లోహపు తొడుగులు) క్రింప్ చేయాలి, అంటే నొక్కి బిగించాలి. పోగులకు సీసం పూసి స్క్రూ కింద బిగించకండి. ఒత్తిడికి సీసం మెల్లగా నలిగి జారుతుంది, కొన్నాళ్లకు స్క్రూ దానంతటదే వదులవుతుంది.

లైట్లు వేరే సర్క్యూట్ మీద ఉండాలి. మెషీన్ ట్రిప్ అయిన క్షణంలో బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, చీకటి పడకూడదు.

బోర్డు తెరిచే ముందు మెయిన్ ఆపి తాళం వేయండి. టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట చూసి, తర్వాత పని చేసే చోట చూసి, మళ్లీ కరెంటున్న చోట చూడండి. మధ్యలో టెస్టరే చెడిపోతే తెలిసేది అలాగే. మెయిన్ నుంచి బోర్డు దాకా పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే. అంతా అయ్యాక త్రీ ఫేజ్ మోటారును బ్లేడు బిగించకుండా ఒక్క క్షణం తిప్పి ఆపండి. ఎదురు తిరిగితే ఏ రెండు ఫేజ్‌లనైనా అటూ ఇటూ మార్చితే చాలు. బ్లేడు పెట్టాక ఎదురు తిరిగితే దాన్ని పట్టుకున్న నట్టు విప్పుకుపోవచ్చు.