ఆరుద్ర పురుగు, ఆరెంజ్ అట్ట

బిడ్డా చిన్నీ, ఒరేయ్ బంటీ,

ఇక్కడ మిరుగం పోయి ఆరుద్ర కార్తె వచ్చింది. నిన్న సాయంత్రం జనగామలో గట్టి వాన. వానతో పాటే కరెంటు పోయింది, రాత్రి పదింటికి గానీ రాలేదు. కొవ్వొత్తి పెట్టుకుని మొదలుపెట్టిన ఉత్తరం ఇది. అమెరికాలో ఉన్న మీకు ఫోన్లో చెబుదామంటే సగం మాటలోనే "తాతా, హోంవర్క్ ఉంది" అంటారు మీరు.

చిన్నీ, పోయిన ఆదివారం నువ్వు అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. మీ అమ్మ టీవీలో 'ది బేర్' అనే సీరియల్ చూస్తోంది. అది పెద్దవాళ్ళు చూసేదట, నిన్ను పక్క గదిలోకి పొమ్మంది. పక్క గదిలోకి పోయినంత మాత్రాన చెవులు ఊరుకుంటాయా? ఒక పాట వినిపించింది, నచ్చింది. వెతికితే ఆర్.ఇ.ఎం. అనే బృందం పాడిన 'స్ట్రేంజ్ కరెన్సీస్' అని, 1994 నాటిదని తేలింది. "తాతా, నేను పుట్టకముందు పాట. అమ్మకు తెలీదు, డాడీకి తెలీదు. పాడినవాళ్ళదేమో మన పక్క ఊరేనట! ఇన్నేళ్ళు ఆ పాట ఎక్కడికి పోయింది?" అన్నావు.

నలభై ఏళ్ళు రేడియోలు, టేప్ రికార్డర్లు రిపేరు చేసిన చేతులివి. పాట ఎందుకు ఆగిందో, ఎందుకు గీరుతోందో చెప్పగలను. ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఇవాళ పొద్దున పెరట్లోకి పోతే, తడిసిన ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగు నడుస్తూ కనిపించింది. ఓహో, ఇదే కదా జవాబు అనుకున్నా.

ఆరుద్ర పురుగును మీరు చూడలేదు. కందిగింజంత ఉంటుంది. మఖమల్ గుడ్డ కత్తిరించి చేసినట్టు ఎర్రగా, మెత్తగా ఉంటుంది. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని ఉండై పడుకుంటుంది. మేం పురుగు అంటాం గానీ నిజానికి సాలెపురుగుకు చుట్టం. ఏడాదిలో ఎక్కువ రోజులు మట్టిలోనే ఉంటుంది. తొలి వానలు పడ్డాక చెలకల్లోకి వస్తుంది, చెదలను తింటుంది, కొద్ది రోజులు కనిపించి మళ్ళీ మట్టిలోకే పోతుంది. చిన్నప్పుడు మేము ఇవి ఆకాశం నుంచి వానతో పాటు పడతాయనుకునేవాళ్ళం. మా నాయన నవ్వి, "పైనుంచి కాదురా, కిందినుంచి" అని కాలితో మట్టి చూపించాడు.

నీ పాట సంగతీ అంతే బిడ్డా. అది ఎక్కడికీ పోలేదు, కిందనే ఉంది. ఇంకో తమాషా చూడు. 'ది బేర్' రెండో సీజన్, అంటే ఆ పాట ఉన్న సీజన్, విడుదలైంది 2023 జూన్ 22న. మన లెక్కన అది ఆరుద్ర కార్తె మొదలయ్యే వేళ! షికాగో హోటల్ కథ తీసేవాళ్ళకు మన కార్తెలు తెలుస్తాయని కాదు. నాకు సంతోషమేసింది, అంతే.

ఇక పాడినవాళ్ళ సంగతి. ఏథెన్స్ అంటే గ్రీసులో ఉన్నది కాదు, అమెరికాలో మీ జార్జియా రాష్ట్రంలోదే, మీరుండే ఆల్ఫరెట్టా నుంచి కారులో గంటన్నర దారి. నలుగురు కుర్రాళ్ళు: మైకేల్ స్టైప్ గొంతు, పీటర్ బక్ గిటారు, మైక్ మిల్స్ బేసు, బిల్ బెర్రీ డ్రమ్ములు. బక్ అక్కడ వక్స్‌ట్రీ అనే రికార్డుల షాపులో పనిచేసేవాడు. రికార్డులు కొనడానికి వచ్చే స్టైప్‌తో అక్కడే స్నేహమైంది. షాపులో పనిచేసేవాడికి సంగీతం ఎట్లా అంటుకుంటుందో నాకు వేరే చెప్పక్కర్లేదు. 1980 ఏప్రిల్ 5న ఒక పాత చర్చి భవనంలో, ఎవరిదో పుట్టినరోజు పార్టీలో మొదటిసారి వాయించారు. పెద్ద రేడియో స్టేషన్లు పట్టించుకోని రోజుల్లో కాలేజీ పిల్లలు నడిపే చిన్న రేడియోలు వీళ్ళను మోశాయి. పెద్ద రోడ్డు పక్కనుంచి పోయే కాలిబాట లాంటి ఆ సంగీతానికే ఆల్టర్నేటివ్ అని పేరు పెట్టారు. తర్వాత కాలిబాటే పెద్ద రోడ్డైంది, అది వేరే కథ.

1991, 92లో వచ్చిన వాళ్ళ రెండు ఆల్బమ్‌లు మెత్తగా, నెమ్మదిగా ఉండి ప్రపంచమంతా పాకాయి. ఒక పాటలోనైతే మాండలినే రాజు. మన పాలకొల్లు శ్రీనివాస్ పుణ్యాన మాండలిన్ మనకు కొత్తేమీ కాదనుకో. 1994 సెప్టెంబరులో 'మాన్‌స్టర్' వచ్చింది. ఆరెంజ్ రంగు అట్ట, దాని మీద మసకగా ఎలుగుబంటి తల. (దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత దాన్ని నిద్రలేపిన సీరియల్ పేరేమో 'ఎలుగుబంటి'! ఇట్లాంటివి నేను కల్పించి చెబితే మీరు నమ్మరు.) జనం లక్షల మంది కొన్నారు. మళ్ళీ మెత్తని పాటలే ఉంటాయనుకున్నారు. పెట్టి చూస్తే గిటార్లు గీ... మని మోత. చాలామంది పట్టుకుపోయి సెకండ్ హ్యాండ్ షాపుల్లో అమ్మేశారు. అమెరికాలో పాత సీడీల డబ్బా ఏది తిరగేసినా ఆ ఆరెంజ్ అట్ట కనిపించేదని చెప్పుకునేవారు. మట్టిలోకి పోవడం అంటే ఇదే చిన్నీ. నలుగురూ వద్దనుకుని ఒకేచోట పోగేయడం.

ఆ మోత మధ్యలో మీ పాట ఊయల మీద కూచున్నట్టు ఊగుతుంది. తొడ మీద తాళం వేస్తూ విను: తకిట తకిట తకిట తకిట. మన లాలిపాటల నడకే. వాళ్ళదే అంతకుముందు వచ్చి పేరు తెచ్చుకున్న 'ఎవ్రీబడీ హర్ట్స్' నడక కూడా ఇదే. రెండూ ఒకేలా ఉన్నాయని దీన్ని పక్కన పెట్టేద్దామనుకున్నారట కూడా. మనసొప్పక నడక కాస్త మార్చి ఉంచుకున్నారు. 1995లో సింగిల్‌గా, అంటే ఆ ఒక్క పాటనే విడిగా వదిలితే, అమెరికా హిట్ పాటల పట్టికలో 47వ స్థానం దాటి పైకి పోలేదు. మాటలు పోగేసి ప్రేమను ఒప్పించగలననుకునే ఒక పిచ్చివాడి పాట అది. చెల్లని నాణేలతో కొట్టుకు పోయినట్టు. సీరియల్లోనూ అంతే. కథానాయకుడు ఒక వంటవాడు, చాలా ఏళ్ళకు పాత స్నేహితురాలిని కిరాణా షాపులో చూస్తాడు. అతనికి నోట మాట రాదు, పాట వస్తుంది.

మరి వాన పడగానే పైకి వచ్చేసిందా? లేదు. ముందు మట్టి గుల్లబారాలి. ఆ ఆల్బమ్‌ను మొదట రికార్డు చేయించిన స్కాట్ లిట్ అనే ఆయనకు, అప్పట్లో గొంతును గిటార్ల కింద పూడ్చేశామే అని మనసులో ఉండేది. ఇరవై ఐదేళ్ళ పండగకి 2019లో అదే పాత రికార్డింగును మళ్ళీ సర్దాడు. కొత్తగా పాడించలేదు. గొంతు ముందుకు తెచ్చి గిటార్లు వెనక్కి జరిపాడు. ఇది మా రిపేరు పని లాంటిదే, అందుకని నాకు గౌరవం. మీరు పాతదీ కొత్తదీ వెంటవెంటనే వినండి. ఏం తేడా ఉందో నేను చెప్పను.

సీరియల్ తీసిన క్రిస్టఫర్ స్టోరర్ పాటలు ఏరే పని వేరేవాళ్ళకు వదిలిపెట్టడు, దగ్గరుండి చూసుకుంటాడట. ఒక పాటను సీరియల్లో పెట్టాలంటే రెండు అనుమతులు కావాలి: పాట రాసి కట్టినవాళ్ళది ఒకటి, రికార్డింగు ఎవరిదో వాళ్ళది ఒకటి. ఒకే తలుపుకు రెండు తాళాలు. రెండూ తెరిపించి ఆ పాటను ఒక్కసారి కాదు, ఆ సీజన్లో మళ్ళీ మళ్ళీ పెట్టాడు. అది విని జనం వెతుక్కున్నారు. బృందం 2011లోనే విడిపోయింది, అయినా సీరియల్ బొమ్మలతో ఆ పాటకు కొత్త వీడియో వదిలారు. 'ది బేర్' ఆ సీజన్‌కు ముందు ఏడాది, 2022లో, కేట్ బుష్ అనే ఆవిడ 1985 పాట ఇట్లాగే ఇంకో సీరియల్ వల్ల లేచి, ముప్పై ఏడేళ్ళ తర్వాత బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది.

బంటీ ఇక్కడ చెయ్యెత్తుతాడని నాకు తెలుసు. "తాతా, వాన అన్ని పురుగుల మీదా పడుతుంది కదా? మరి సీరియల్ ఒక్క పాట మీదే పడిందేం?" అంటాడు. నిజమేరా. వాన ఏరుకుని పడదు, మనిషి ఏరుకుంటాడు. ఆ స్టోరర్ చిన్నప్పుడో కుర్రతనంలోనో విని దాచుకున్న పాటై ఉంటుందని నా అనుమానం. నా ఆరుద్ర పురుగు ఇక్కడిదాకా వచ్చి కాళ్ళు ముడుచుకుంది. అయినా దాన్ని వదలబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ పాట మనింట్లో ఎవరికీ తెలీదన్నావు కదా, అది నిజం కాదు. 1995 దసరా సెలవులకు మీ మామయ్య హైదరాబాద్ హాస్టల్ నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. అక్కడ కేబుల్లో ఇంగ్లీషు పాటలు చూడ్డం అలవాటైంది. షాపులో నేను గిరాకీల కోసం పెట్టుకున్న మంచి డెక్కులో ఆ క్యాసెట్ పెట్టాడు. గుర్రు గుర్రుమని వణుకుతూ శబ్దం. హెడ్డు చెడిందనుకుని డెక్కు ఆపేశా. దూది, స్పిరిట్ పెట్టి హెడ్డు తుడిచా. మళ్ళీ అదే. బెల్టు మార్చా. మళ్ళీ అదే! "నాన్నా, పాటే అట్లుంటది" అన్నాడు వాడు మెల్లగా. "ఇది పాటా? చెడిపోయిన డెక్కు పాడినట్టుంది" అన్నాను, గిరాకీల ముందే. అందరూ నవ్వారు. వాడు క్యాసెట్ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నా ముందు ఎప్పుడూ పాట పెట్టలేదు. మెత్తని పాట ఆ సైడు చివర్లో ఉంది. అంతదాకా విననిస్తే కదా నేను.

మీరు మాత్రం ఎవరైనా పాట వినిపిస్తే చివరిదాకా వినండి. నచ్చకపోతే అప్పుడు చెప్పవచ్చు.

నేనేమీ పాటంటే చెవి లేనివాణ్ణి కాదు. నా ఎనిమిదో ఏట మా ఊళ్ళో ఒక పెళ్ళికి ఎడ్లబండి మీద మైక్ సెట్టు వచ్చింది. చింతచెట్టుకు హారన్ కట్టి రికార్డులు వేశారు. ఒక పాట మొదలైంది, ఆడగొంతు, వెనకాల పిల్లనగ్రోవి. మైక్ సెట్టు అతన్ని బతిమాలాను, "మళ్ళీ వెయ్యి" అని. "పోరా" అన్నాడు. తర్వాత రేడియో సిలోన్‌లో వచ్చే తెలుగు పాటల్లో వెతికా, వివిధ భారతిలో వెతికా. ఈ రిపేరు పనిలోకి వచ్చిందే ఆ పాట ఏ రేడియోలోనైనా దొరుకుతుందని. మళ్ళీ వచ్చింది ఎక్కడో తెలుసా? దూరదర్శన్ చిత్రలహరిలో, ఒక శుక్రవారం. "అదే, అదే!" అని లేచి నిలబడ్డా. పల్లవి అయ్యేలోపు కరెంటు పోయింది. ఏ సినిమాదో కింద పేరు కూడా చదవలేదు. ఇప్పటికీ దొరకలేదు. మీ ఫోన్లో ఏదో ఉంటుందట కదా, కూనిరాగం తీస్తే పాట పేరు చెప్పేది. చిన్నీ అడిగింది, నేనే వద్దన్నా. ఎందుకో తెలీదు.

చిన్నప్పుడు ఆరుద్ర పురుగును అగ్గిపెట్టెలో గడ్డి పరిచి దాచుకునేవాళ్ళం. తెల్లారి తెరిస్తే చచ్చిపోయి ఉండేది. ఆ పాటను రోజుకు ముప్పైసార్లు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది బిడ్డా. కొంచెం మట్టి వదిలిపెట్టు దానికి.

అన్నట్టు, డ్రమ్ముల బిల్ బెర్రీకి 1995 మార్చిలో స్విట్జర్లాండులో స్టేజీ మీదే మెదడులో రక్తనాళం ఉబ్బి ప్రాణం మీదికొచ్చింది. బతికి బయటపడి, 1997లో బృందం వదిలేసి జార్జియాలో పొలానికి పోయి పశువుల గడ్డి పండించాడు. ఆ ముక్క చదివినప్పటి నుంచి ఆయన నాకు మనూరి మనిషిలా అనిపిస్తున్నాడు. వానెప్పుడు వస్తుందా అని ఆకాశం వైపు చూసే ఉంటాడు. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అన్న మాట ఆయనకు అర్థమవుతుంది.

ఈ శనివారం మీ డాడీని ఏథెన్స్ తీసుకుపొమ్మనండి. మొదటిసారి వాయించిన చర్చిని కూలగొట్టారు, పైనున్న శిఖరం ఒక్కటే మిగిలింది. దాని కింద నిలబడి పైకి చూడండి. తర్వాత వక్స్‌ట్రీ షాపుకు పోయి పాత సీడీల డబ్బా తిరగేయండి. ఫోన్లు జేబులో పెట్టి, వేళ్ళతో.

నేను నిన్న అటక ఎక్కాను. మీ అమ్మమ్మ కింద నుంచి అరుస్తూనే ఉంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ల పెట్టె అడుగున మీ మామయ్య క్యాసెట్ దొరికింది. అట్ట ఆరెంజ్ రంగు వెలిసి ఇటుకపొడిలా అయింది, టేపు మీద తెల్లగా బూజు. పెన్సిల్ పెట్టి తిప్పి చూశా, టేపు తెగలేదు. దూదీ స్పిరిటూ తెప్పించా. మీ మామయ్యకు ఇంకా ఫోన్ చెయ్యలేదు. ముందు బాగుచేసి, ఆ సైడు చివరిదాకా విన్నాక చేస్తా.

బంటీ, పెరట్లో పురుగు కాళ్ళు లెక్కపెట్టాను, ఎనిమిది. డబ్బాలో ఆరెంజ్ అట్టలు ఎన్ని ఉన్నాయో నువ్వు లెక్కపెట్టి రాయి.

మీ తాత